బీరువాలో దాచిన వీడియోలు

మొదటిసారి దాన్ని పరధ్యానం అనుకున్నాను. మా చెల్లెలు వంటగది గట్టు దగ్గర నిలబడి బీరకాయ చెక్కు తీస్తోంది. తీస్తూ తీస్తూ ఆగిపోయింది. పిలిస్తే పలకలేదు. ఎడమచెయ్యి మాత్రం పమిట అంచు పట్టుకుని, లేని బొత్తాం పెట్టుకుంటున్నట్టు నలుపుతోంది. పెదవులు చప్పరిస్తున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఆ కళ్ళలో తను లేదు. నేను గోడ గడియారం వైపు చూశాను. భయపడ్డప్పుడు గడియారం చూడడం నా అలవాటు. నిమిషం ఇరవై సెకన్లు. ఆ తర్వాత చెయ్యి మళ్ళీ కదిలింది. బీరకాయ కింద పడిపోయి ఉంది, తను మాత్రం గాలిలోనే చెక్కు తీస్తోంది. ఇంకాసేపటికి నన్ను చూసి, "ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావు?" అంది.

మాది తార్నాకలో రెండు గదుల ఇల్లు. నేను యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. చెల్లెలు లాలాగూడలో రైల్వేవాళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయింది. ఉద్యోగాల కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇద్దరం పెళ్ళిళ్ళు చేసుకోలేదు. కారణాలు ఇక్కడ అవసరం లేదు. నాకు డెబ్బై నాలుగు, తనకు డెబ్బై ఒకటి. అదలా వచ్చిపోవడం ఆ నెలలోనే మరో రెండుసార్లు జరిగాక మెట్టుగూడలో ఒక నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను.

ఆయన స్కాన్ చూశాడు, తలకు తీగలు అంటించి తీసిన పరీక్ష చూశాడు. రెండిట్లోనూ ఏమీ దొరకలేదు.

"మీరు చెప్పేదాన్ని బట్టి మూర్ఛలా ఉంది మేడమ్. కానీ గుండె లయ తప్పినా మనిషి ఇలా ఆగిపోవచ్చు. ఒకదానికిచ్చే మందు రెండోదానికి చెడు చేస్తుంది. ఊహించి రాసివ్వలేను. వచ్చినప్పుడల్లా ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం, రెండు చేతులూ పడాలి. ఏ వైపు మొదలవుతోందో నేను కళ్ళారా చూడాలి. డిసెంబరులో రండి, అప్పటికి ఎన్నుంటే అన్నీ తెండి."

"నాకేమీ గుర్తులేదు డాక్టరుగారూ," అంది చెల్లెలు. "మా అక్క లెక్కల మనిషి. నేను రెప్ప వేయడం ఆలస్యమైనా టైమ్ రాసుకుంటుంది."

డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తప్పు మందు పడితే ఏమవుతుందని అడిగాను. ఆయన పెన్ను మూత పెడుతూ, "అందుకే వీడియోలు అడుగుతున్నాను," అన్నాడు.

అలా ఆ వీడియోలు మా ఇంట్లోకి వచ్చాయి. ఎండాకాలం చివర ఒకటి, వానల్లో నాలుగు, ఆ తర్వాత రెండు. ప్రతిదానికీ తేదీ, సమయం, ఎంతసేపో ఫైలు పేరులోనే రాసిపెట్టాను. ఒకదానిలో తను సోఫాలో ఉంటుంది. ఒకదానిలో స్నానం చేసి వచ్చి, చీర సగం కట్టుకుని ఉంటుంది. అది తీస్తున్నప్పుడు నా కళ్ళు నేనే తిప్పుకున్నాను. ఫోన్ మాత్రం తిప్పలేదు. చెల్లెలు ఒక్కటి కూడా చూడలేదు. చూడనని ముందే చెప్పింది.

"డాక్టరుకు చూపించు. ఇంకెవరికీ చూపించకు. నాక్కూడా."

"నువ్వు చూస్తే నీకు నమ్మకం కలుగుతుందే."

"నమ్మితే భయమేస్తుంది. ఇద్దరం భయపడితే అన్నం ఎవరు వండుతారు?"

అవి పోతే ఏంటన్న భయం నాకు తీసిన మొదటి రోజే పట్టుకుంది. నా ఫోన్ పాతది. ఒకసారి బస్సులో పోగొట్టుకుని కండక్టరు పుణ్యాన దొరికించుకున్నాను. అందుకని రెండో చోట ఎక్కడైనా పెట్టాలనుకుని ఒకరోజు క్యాంపస్‌కు వెళ్ళాను. అక్కడ కంప్యూటర్ విభాగంలో ప్రొఫెసర్‌గా ఉన్న అమ్మాయి ఒకప్పుడు నా విద్యార్థిని. అమ్మాయి అంటున్నాను గానీ ఆవిడకూ యాభై దాటాయి.

"ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని గదా మేడమ్, గింత ఎండల ఎందుకొచ్చిన్రు?" అంటూ కుర్చీ ఫ్యాన్ కిందికి జరిపింది.

విషయం చెప్పాను. చెల్లెలి పేరు మీద ఒట్టు పెట్టించుకుని మరీ చెప్పాను. క్లౌడ్‌లో పెట్టాలా, విడిగా డ్రైవ్ కొనుక్కోవాలా అని అడిగాను.

"క్లౌడ్ అంటే మబ్బుల ఏం ఉండది మేడమ్. వేరేవాళ్ళ కంప్యూటర్, అంతే. పాస్‌వర్డ్ గట్టిగ పెట్టుకోవాలె. డ్రైవ్ అంటే మీ చేతిల ఉండే డబ్బా. కింద పడితే పోతది, నీళ్ళు పడితే పోతది, ఏం పడకున్నా ఓరోజు పోతది. రెండూ పెట్టుకోండ్రి."

నేను ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. ఆ వేరేవాళ్ళ కంప్యూటర్ దగ్గర కూర్చున్న మనిషి తెరిచి చూడగలడా? నెలనెలా కట్టే రుసుము ఒక నెల మర్చిపోతే తుడిచేస్తారా? నేను ముందు పోతే పాస్‌వర్డ్ ఎవరికి తెలుస్తుంది? ఎవరైనా నన్ను ఫోన్‌లో మోసం చేసి ఆ పాస్‌వర్డ్ రాబట్టుకుంటే? మా వీధిలోనే ఒక రిటైరైన పెద్దమనిషిని, తాము పోలీసులమని చెప్పి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా వీడియో కాల్ ముందు కదలకుండా కూర్చోబెట్టారు. ఆయన చదువుకోనివాడు కాదు.

"మేడమ్, నాకు వైవా పెట్టిన్రా?" అంది ఆవిడ. కానీ ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. చివరికి, "రెండిట్లో ఒక్కటే అంటే?" అని అడిగాను.

"ఒక్కటే అయితే అది బ్యాకప్ కాదు మేడమ్."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. రెండు వేర్వేరు ప్రమాదాలు ఒకేసారి జరిగే అవకాశం ఎంత తక్కువో లెక్కకట్టడం నేను ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద చెప్పిన పాఠమే. ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పాను.

"గాల్లో పెడతావా? నా మూతి వంకర ఎవడో ఫారిన్‌వాడు చూడాలా? ఏ తుఫానుకో అది కొట్టుకొచ్చి మన చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో పడితే?"

"అలా పడదే."

"నువ్వు లెక్కల్లో చెప్పు, పడనే పడదని. సున్నా అని చెప్పు."

సున్నా అని నేను చెప్పలేను. ఏ విషయంలోనూ చెప్పలేదు. చెల్లెలికి అది తెలుసు.

"డబ్బా కొను. బీరువాలో పెట్టు," అని తేల్చేసింది.

మా ఇంట్లో బీరువా అంటే అంత నమ్మకం. నాన్న బైబిలు, బాప్తిస్మపు కాగితాలు, పెన్షన్ పత్రాలు, అమ్మ పట్టుచీర, మా ఇద్దరి సర్టిఫికెట్లు, అన్నీ అందులోనే. తాళం నా దగ్గరుంటుంది. బీరువాలో పెట్టామంటే ఇక ఆ వస్తువు గురించి ఆలోచించడం మానేస్తాం. నేను తార్నాక చౌరస్తా దగ్గర డ్రైవ్ కొన్నాను. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా. వీడియోలన్నీ అందులోకి ఎక్కించి, ఎక్కాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూసి, దెబ్బ తగలకుండా అమ్మ పట్టుచీర మడతల మధ్య పెట్టాను. ఫోన్‌లో ఒకటి, బీరువాలో ఒకటి. రెండు చోట్లు. ఆ వారం బాగా నిద్రపట్టింది.

సెప్టెంబరులో మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయ్యాక టీలు తాగుతూ చెల్లెలు నా ఫోన్ తీసుకుని, ఎవరి మనవరాలివో బాప్తిస్మం ఫొటోలు అందరికీ చూపిస్తోంది. వేలితో ఒక్కొక్కటీ జరుపుతోంది. నేను బిస్కెట్ల పళ్ళెంతో వస్తూ చూశాను. ఆ ఫొటోల తర్వాత ఏముందో నాకు తెలుసు. పళ్ళెం ఎవరి ఒళ్ళోనో పెట్టేసి ఫోన్ లాక్కున్నాను.

"ఏంటండీ ఆ లాక్కోవడం, అందులో పెళ్ళికొడుకుల ఫొటోలున్నాయా?" అంది పాస్టరుగారి భార్య. అందరూ నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది, కానీ ముఖం తెల్లబోయింది.

వాళ్ళు వెళ్ళిపోయాక నాతో ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు కష్టమైంది. ఆ సాయంత్రం ఫోన్‌లో ఉన్న వీడియోలన్నీ తీసేశాను. బీరువాలో ఉన్నాయి కదా అనుకున్నాను. రెండోది ఉందన్న ధైర్యంతో మొదటిదాన్ని తుడిచేశాను. తుడవగానే ఆ రెండోదే ఒక్కటైపోయిందని నా బుర్రకు తట్టలేదు. తర్వాత తీసిన రెండు కూడా అలాగే, తీసిన రోజే డబ్బాలోకి మార్చి ఫోన్‌లోంచి తీసేశాను. శ్రద్ధగా చేశాను. తేదీలు రాసి మరీ చేశాను.

డిసెంబరు రాగానే మావాళ్ళ ఇళ్ళలో సున్నాలు మొదలవుతాయి. క్యారల్స్ పాడేవాళ్ళు వచ్చేనాటికి గోడ మీద పాత మరక ఉండకూడదు. ఇప్పుడు సున్నం ఎవరూ వేయడం లేదు, పెయింటే, కానీ మేము సున్నమనే అంటాం. లాలాపేట్ నుంచి ఏటా వచ్చే పెయింటరే వచ్చాడు. పడకగదిలో నిలబడి గోడ తట్టి చూశాడు.

"బీరువా జరపాలమ్మా. దాని ఎనక చెమ్మ పట్టింది. పోయినేడు గూడ ఇడిసిపెట్టినం."

"ఈ ఏడు కూడా వదిలెయ్యి నాయనా. వెనకాల ఎవరు చూస్తారు?" అన్నాను.

"ప్రభువు చూస్తాడు," అంది చెల్లెలు. "లే అక్కా, ఖాళీ చేద్దాం. నిండుగా ఉంటే పదిమంది వచ్చినా కదలదు. చీరలు ఆరు, కాగితాలు ఆరువందలు."

కాగితాలు నేను తీసి పక్కగదిలో మంచం మీద పెడుతున్నాను. చీరలు తను తీస్తోంది. అమ్మ చీర నేను తీస్తానని చెప్పాను. చెప్పి, చేతిలో ఉన్న ఫైళ్ళు మంచం మీద పెట్టి, తిరిగి గుమ్మంలోకి వచ్చేసరికి తను చీరల దొంతర గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. కదలడం లేదు.

ఎడమచేతి వేళ్ళు పైచీర అంచును నలపడం మొదలుపెట్టాయి. తర్వాత కుడిచెయ్యి ఒక్కసారిగా వదిలేసింది. దొంతర జారింది. పట్టు కదా, మిగతావాటికంటే ముందు జారింది. మడతల్లోంచి డబ్బా బయటకు వచ్చి మొజాయిక్ నేల మీద మూలవాటంగా పడింది. ఆ చప్పుడు చిన్నదే. నేను దానివైపు చూడలేదు. ఎందుకంటే తను అప్పటికే అడుగు వేస్తోంది, ఎటు వేస్తోందో తెలియకుండా, నిచ్చెన వైపు, పెయింటు బకెట్టు వైపు.

"పట్టుకో అమ్మా, పట్టుకో!" పెయింటరు నిచ్చెన దిగకుండానే దూకాడు. ఇద్దరం రెండు భుజాలూ పట్టుకుని ఆ గదిలోనే ఉన్న మంచం మీద కూర్చోబెట్టాం. నా ఫోన్ పక్కగదిలో ఉంది. ఆ ఒక్కసారి నేను వీడియో తీయలేదు, గడియారమూ చూడలేదు.

తేరుకున్నాక చెల్లెలు నేల మీద పడి ఉన్న చీరలను చూసింది, డబ్బాను చూసింది.

"నేనే పడేశానా?"

"లేదే. పట్టుచీర, జారింది."

"కాదమ్మా," అన్నాడు పెయింటరు, అతనికి మా సంగతులు తెలియవు. "మీరు చెయ్యి ఇడిసేసిన్రు. నేను పైనుంచి చూస్తనే ఉన్న. పిలిస్తే గూడ పలకలే మీరు. బొమ్మ లెక్క నిలవడ్డరు."

చెల్లెలు అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. నా మాట నమ్మకపోవడానికి తనకు ఎన్నో దారులున్నాయి. అతని మాటకు అవేవీ పనికిరాలేదు.

డబ్బాను లాప్‌టాప్‌కు తగిలించాను. టక్ అంది. కాసేపాగి మళ్ళీ టక్. తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్ళీ పెట్టాను. టక్, టక్. నా చెవుల్లో ఇప్పటికీ ఉంది ఆ చప్పుడు. లోపల ఎవరో గోటితో కొడుతున్నట్టు. వెంటనే క్యాంపస్‌కు ఫోన్ చేశాను.

"ఫోన్‌ల ఉన్నయ్ గదా మేడమ్?" అంది నా విద్యార్థిని.

"తీసేశాను."

"ఎప్పుడు?"

"సెప్టెంబరు నుంచీ. మారుస్తూ, తీసేస్తూ వచ్చాను."

ఫోన్‌లో తుడిచినవి ఒక నెలపాటు చెత్తబుట్టలో ఉంటాయట. ఆ గడువు అన్నిటికీ దాటిపోయింది. నేను పరీక్షలో తప్పు చేసిన పిల్లలా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

"ఇగ దానికి కరెంట్ పెట్టకండ్రి మేడమ్. పెట్టినకొద్దీ లోపల గీసుకపోతది. తీసేటోళ్ళుంటరు, అడ్రస్ ఇస్త, పోయి కలవండ్రి."

ఆ షాపు సికింద్రాబాదులో ఒక మెట్లదారిలో ఉంది. చెల్లెలు నాతో వచ్చింది, రావద్దంటే వినలేదు. షాపతను డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని వంచి చూశాడు.

"లోపల సూదిలాంటిది ఉంటది మేడమ్, అది వంగిపోయింది. ఇక్కడ తీయలేము, వేరే ఊరు పంపాలి. నెల పడుతుంది. వస్తాయని గ్యారంటీ కూడా లేదు. వచ్చినవి సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడివాళ్ళు రెండు మూడు తెరిచి చూస్తారు. ఏమున్నాయి ఇందులో, పెళ్ళి వీడియోలా?"

"అవును," అంది చెల్లెలు. "నా పెళ్ళివే. బీరువాలో దాచాం, ఎవరైనా చూస్తే దిష్టి తగులుతుందని."

అతను నవ్వాలో వద్దో తెలియక నన్ను చూశాడు. చెల్లెలు డబ్బా తీసి తన సంచిలో వేసుకుంది. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగింది. అలసటకే ఆగిందని తెలియడానికి ప్రతిసారీ ముఖంలోకి వంగి చూడాల్సి వచ్చింది.

డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సిన రోజు తొమ్మిది రోజుల్లో ఉంది. అక్కడి రిసెప్షన్‌లో అడిగితే ఆ తర్వాత డాక్టరు సెలవులో ఉంటారని, ఒక్క వీడియో అయినా తెమ్మన్నారని చెప్పారు. ఒక్కటి చాలట. మాకు ఆ ఒక్కటీ లేదు.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే భయమేస్తుంది. ఫోన్‌కు తాడు కట్టి మెడలో వేసుకున్నాను. తను స్నానానికి వెళితే తలుపు గడియ పెట్టనివ్వలేదు. తను కూరలో ఉప్పు వేస్తూ ఆలోచనలో పడి ఒక్క క్షణం ఆగితే నా వేలు ఫోన్ మీదకు పోయేది. ఆ తర్వాత తను కదిలేది. "ఉప్పు వేశానా లేదా అక్కా?" అనేది. ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట కాదు. ఆశాభంగం. అది ఏమిటో గుర్తుపట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. నా చెల్లెలికి మూర్ఛ రావాలని కాచుకు కూర్చున్నాను.

"నీడలా తిరగకక్కా," అంది తను. "నీడైనా మిట్టమధ్యాహ్నం మనిషిని వదులుతుంది."

సాయంత్రాలు మేమిద్దరం ప్రార్థన చేసుకుంటాం. ఒకరు పైకి ప్రార్థిస్తే రెండోవాళ్ళు ఆమెన్ అంటారు. చిన్నప్పటినుంచీ అంతే. ఒక సాయంత్రం తన వంతు. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరి కోసం ప్రార్థించింది, పెయింటరు కోసం కూడా. చివర్లో గొంతు మారకుండా, "ప్రభువా, నాకు ఒకటి రానియ్యి. పగటిపూట, వెలుతురులో, మా అక్క చేతిలో ఫోన్ ఉన్నప్పుడు రానియ్యి," అంది.

నేను ఆమెన్ అనలేదు.

తను కళ్ళు మూసుకునే ఉంది. "అనవేంటి?"

"అనలేను."

"నువ్వు అనకపోతే ఎలా చేరుతుంది? అను."

"ఇంకేదైనా అడుగు. అసలు రానే రావద్దని అడుగు."

"అది ఆర్నెల్ల నుంచీ అడుగుతున్నాను," అంది. "అను అక్కా. మందు తేలాలి కదా."

అన్నానో, పెదవులే కదిలాయో నాకు తెలియదు. తను మాత్రం విన్నట్టే తలూపి, లేచి లైటు వేసింది. తర్వాత నా ముందుకొచ్చి నిలబడి టీచరమ్మలా వేలు చూపిస్తూ చెప్పింది: "వస్తే నన్ను పట్టుకోవద్దు. తియ్యి. ముందు పట్టుకుని తర్వాత తీద్దామనుకుంటావు, అప్పటికి అయిపోతుంది. పడితే పడతాను. నువ్వు తియ్యి."

పొద్దున్న క్యాంపస్‌లో నడక మేము మానలేదు. మానుదామంటే తను ఒప్పుకోలేదు. ఆ రోజు చలిగా ఉంది. లైబ్రరీ వైపు వెళ్ళే రోడ్డు మీద నడుస్తున్నాం. తను పెయింటు రంగు గురించి ఏదో దెప్పుతోంది. నేను ఎంచిన క్రీము రంగు వల్ల ఇల్లు ఆస్పత్రిలా ఉందట. వాక్యం మధ్యలో మాట ఆగింది. పక్కకు తిరిగాను. తను నా వెనక, రోడ్డు మధ్యలో ఉండిపోయింది.

నా చేతులు రెండూ తనవైపు చాచుకున్నాయి. ఎలా ఆపానో తెలియదు. ఫోన్ తీశాను. ముఖం, రెండు చేతులు. ఎడమచెయ్యి షాల్ అంచును నలుపుతోంది. తెర మీద బొమ్మ ఊగిపోతోంది. మోచేయి డొక్కకు ఆనించుకున్నాను. పెదవులు చప్పరించడం మొదలైంది. తలపైన ఎక్కడో కాకులు అరుస్తున్నాయి. నడకకు వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు.

వెనకనుంచి బైకు హారన్.

"ఏంది పెద్దమ్మా, నడి రోడ్డు మీద రీల్స్ చేస్తున్నరా?" బైకు మీద వెనక కూర్చున్న కుర్రాడు అరిచాడు. ముందువాడు నవ్వుతూ మా పక్కనుంచి పోనివ్వబోయాడు.

నేను తిరగలేదు. తిరిగితే తెరలోంచి తన చెయ్యి తప్పిపోతుంది. ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి బైకుకు అడ్డంగా చాచాను. ఏమనుకున్నారో, ఆగారు. హారన్ ఆగింది. నవ్వూ ఆగింది. "అరే, ఆమెకేమో అయింది రా," అన్న మాట వినపడింది. అప్పుడు తను ముందుకు అడుగు వేసింది. ఆ అడుగు కూడా తీశాను. ఒక్కో సెకనూ ఒక్కో పాపంలా లెక్కపెట్టుకుంటూ తీశాను. తల కొద్దిగా తిరిగి, కళ్ళు వెతుక్కుని, నా ముఖం దొరికేదాకా తీశాను. దొరికాక ఫోన్ వదిలేసి పట్టుకున్నాను. మెడలో తాడు ఉండబట్టి అది కింద పడలేదు.

రోడ్డు పక్క గట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాను. తనకు మాట రావడానికి కొంతసేపు పట్టింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"తీశావా?"

"తీశాను."

"చేతులు పడ్డాయా? రెండూ?"

"రెండూ."

"చూపించు."

వద్దన్నాను. ఇంటికెళ్ళాక చూద్దువన్నాను. తను చెయ్యి చాపి అలాగే ఉంచింది. ఇచ్చాను. చివరిదాకా చూసింది. ముఖంలో ఏమీ కనపడలేదు. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి పెట్టమంది. రెండోసారి చూస్తూ మధ్యలో, "ఇందులో నువ్వెక్కడా లేవేంటి?" అంది.

"తీస్తున్నది నేనే కదే."

"అంత రోడ్డు మీద ఒక్కదాన్నే ఉన్నాను."

"పక్కనే ఉన్నాను. చెయ్యి చాపితే అందేంత దూరంలో."

"కనపడటం లేదు," అంది. ఫోన్ నా చేతికి తిరిగిస్తూ, "ఈసారి నీ చెయ్యి ఒకటి పడేలా తియ్యి. డాక్టరు కోసం కాదు. నాకోసం," అంది.

సరేనన్నాను. ఈసారి అన్న మాట తను ఎంత మామూలుగా అన్నదో అప్పుడు గమనించాను.

తర్వాత చుట్టూ చూసింది. బైకు కుర్రాళ్ళు ఇంకా వెళ్ళలేదు. దూరంగా నిలబడి, "పెద్దమ్మా, ఆటో పిలవాల్నా?" అని అడిగారు. వద్దని చెయ్యి ఊపాను.

"ఎంతమంది చూశారక్కా?"

"పది పన్నెండు మంది చూసుంటారు."

"యూనివర్సిటీ అంతా చూశాక ఇక ఫారిన్‌వాడు చూస్తే ఏంటట?" అంది. నవ్వబోయింది, ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. "పెట్టు, ఎక్కడ పెట్టాలో అక్కడ. ఇక్కడే పెట్టు. ఇది ఇంకో చోటికి చేరేదాకా నేను లేవను."

అక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు. తెర మీద చిన్న గుండ్రం తిరుగుతూ ఉంది. నేను నాలుగు అడుగులు అటు, నాలుగు ఇటు నడిచాను, కళ్ళు సగం గుండ్రం మీద, సగం తనమీద. ఆ సమయంలో ఫోన్ జారిపడితే, బ్యాటరీ అయిపోతే, ఎవరైనా లాక్కుపోతే అన్న ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అది చేరినట్టు చూపించాక కూడా నమ్మలేదు. కంప్యూటర్ విభాగం తెరిచేదాకా గట్టు మీదే కూర్చున్నాం. నా విద్యార్థిని తన గదిలో, తన కంప్యూటర్‌లో నా ఖాతా తెరిచి, అది ఆడుతోందని చూపించాక, కొత్త డబ్బాలోకి ఒక కాపీ ఎక్కించి నా చేతికి ఇచ్చాక, "ఇప్పుడు బ్యాకప్ అయ్యింది మేడమ్," అంది.

డాక్టరు దాన్ని మూడుసార్లు చూశాడు. మూడోసారి వేగం తగ్గించి చూశాడు. ఎడమచేతి దగ్గర ఆపి, తలూపి, "మూర్ఛే," అన్నాడు. గుండె మందు అవసరం లేదన్నాడు. బిళ్ళలు రాశాడు. పాత వీడియోలు కూడా ఉంటే ఎంత పెరిగిందో తెలిసేదన్నాడు. నేను తలవంచుకున్నాను. చెల్లెలు, "ఒకటి చూశారుగా డాక్టరుగారూ, మిగతావీ అదే కథ, చీరలే వేరు," అంది.

బిళ్ళలు పనిచేస్తున్నాయి. అయినా ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. రెండూ తీశాను. అవి వాటంతట అవే క్లౌడ్‌లోకి వెళతాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే డబ్బాలోకి ఎక్కిస్తాను. ఇంకో డబ్బా క్యాంపస్‌లో నా విద్యార్థిని ఇంట్లో ఉంటుంది. క్లౌడ్ పాస్‌వర్డ్ చెల్లెలికి నేర్పించాను, నేను ముందు పోతే ఉండాలని. తను రోజూ నాకు ఒప్పజెబుతుంది, చిన్నప్పుడు బైబిలు వాక్యం ఒప్పజెప్పినట్టే, ఒక్కోరోజు ఒక అక్షరం తప్పుతుంది. ఆ అక్షరం మతిమరుపు వల్ల తప్పిందా, మందు వల్ల తప్పిందా, లేక ఇంకేదైనానా అని నేను లోలోపల లెక్కలు వేస్తూ ఉంటాను.

మూడు చోట్లున్నా నాకు దేనిమీదా నమ్మకం లేదు. అందుకే ఆదివారాలు ఎక్కించిన తర్వాత ఒక్కోదాన్నీ తెరిచి చూస్తాను. ఫైలు తెరుచుకుంటే చాలదు. కొన్నిసార్లు మొదలు బాగానే ఉండి మధ్యలో తెగిపోతాయట. అందుకని చివరిదాకా చూడాలి. తన చూపు ఎక్కడికో వెళ్ళిపోయి, వేళ్ళు అంచును వెతుక్కుంటూ ఉన్నప్పుడు ఆ బొమ్మ ఒక్కోసారి క్షణంపాటు బిగుసుకుంటుంది. కంప్యూటర్ నిదానించిందంతే. కానీ ఆ క్షణంలో తను అక్కడే ఆగిపోతుందేమో, ఈ కాపీలో తిరిగి రాదేమో అనిపిస్తుంది. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉంటుంది. అయినా తెర మీద తన కళ్ళు నన్ను గుర్తుపట్టేదాకా నేను కుర్చీలోంచి లేవను.